రబ్బరు మీసాలు

ఘాటు రోడ్డు మొదట్ల మా షాపు.
బోర్డు మీద ఇంకా నాయిన పేరే: లింబాద్రి టైర్స్, నిర్మల్ రోడ్.
జాకీ కొట్టేది మాత్రం నేను, ఆయన చిన్న బిడ్డెను.

ఫోర్‌లైన్ పడ్డంక లారీలు అటు మళ్లినయి.
పాత ఘాటుకు ఇప్పుడు మిగిలింది
టేకాకులు, కోతులు,
ఆదివారం పొద్దుగాల ఈ ఇద్దరు.

భోజన్నది డిజైర్, పసుపు ప్లేటు, బంపరుకు నిమ్మకాయ.
అజ్మత్‌ది రెండువందల సీసీ బండి,
ఈపు మీది సంచిల టానిక్ సీసాలు గలగలమంటయి.
ఏడాదిసంది ఒకటే పంచాయితి:
మలుపుల రోడ్డు మీద ఎవడు ముందు?

"నాలుగు కాళ్లదానితోని రెండు కాళ్లది పోటీయా?"
"బర్రెకూ నాలుగే కాళ్లు భోజన్నా."
"జింకకూ నాలుగే" అన్న నేను, పానా తుడుసుకుంట.
ఇద్దరూ నా దిక్కు సూడలే.

వాళ్ల పందెం నేను కండ్లతోని ఎన్నడు సూడలే,
చెవులతోని సూసిన.
సక్కటి తొవ్వల బండి తూనీగ లెక్క సాగిపోతది,
కారు ఎనకవడి దగ్గుతది.
మలుపు రాంగనే అజ్మత్ గొంతు తగ్గిస్తడు:
బ్రేకు, గేరు కిందికి, ఇంకో గేరు కిందికి.
అరచెయ్యంత రబ్బరు మీద
మనిషి, ఇనుము, టానిక్ సీసాలు అన్నీ ఒరగాలె గద.
గప్పుడే కిర్రుమని డిజైర్ టైర్ల ఏడుపు
వాని ఎనకకొచ్చి నిలవడ్తది.
తొవ్వ తెరుసుకుంటది. మళ్ల తూనీగ.
ఒకడు సక్కటి రోడ్డు మీద సంపాయిస్తడు,
ఒకడు మలుపు కాడ వసూలు చేస్తడు.

కిందికొచ్చి ఇద్దరూ ఒకటే మాట: "నేనే ముందు."
బండి దిగినోడు అబద్ధమాడుతడు.
టైరుకు ఆ తెలివి లేదు.

అజ్మత్ ఎనక టైరు నడుమ అరిగి పలక లెక్కయింది.
అంచులు మాత్రం అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు
కొత్తగనే ఉన్నయి,
కంపెనీల పుట్టినప్పటి రబ్బరు మీసాలు సుత ఊడలే.
గంత ఒరిగిన అని చెప్పెటోడు
గా రెండేళ్లు ఇంటి కోసం దాసుకున్నడు.
నేను గాలి కొట్టి ఊకున్న.
భోజన్న ముందర టైరు ఎడమ భుజం పొట్టు లేసింది.
కారు మలుపుల గట్టిగనే నిలిచింది, నిజమే,
ఆ నిలిచినదానికి కిరాయి మూడు వేల ఎనిమిదొందలు.
"పాతదే ఎయ్యి" అన్నడు.

తొలకరి పడ్డ ఆదివారం చెవికి ఏదో తక్కువైంది.
మూడో మలుపు కాడ తూనీగ ఆగింది.
ఏడుపు ఆగింది.
కోతులు మాత్రం ఒర్రుతున్నయి.

అరగంటకు డిజైర్ మెల్లగ దిగింది,
మా నాయిన సైకిలు కన్న మెల్లగ.
ముందర సీట్ల అజ్మత్, మోచెయ్యి తువ్వాలల,
సీటంత దగ్గు మందు వాసన.
తడి టేకాకు మీద బండి జారిందట,
ఎనక నాలుగు కాళ్లూ ఒక్కసారే జారినయట,
గీతంత దూరంల ఆగిందట.
ఎవరు ముందో ఆనాడు ఎవ్వరూ చెప్పలే.

బండిని ఆటోల ఏసుకొచ్చిన్రు.
హ్యాండిలు సాపు చేసిన, ఫుట్‌రెస్టు మార్చిన, చైను బిగించిన.
మూడు రోజులకు రోడ్డు ఎండింది.
తెల్లారగట్ల షట్టరు సగం దించి
హెల్మెట్ పెట్టుకున్న.
బాగుచేసిన బండిని తొక్కి సూడాలె గద.

శుక్రవారం అజ్మత్ ఒచ్చిండు, చేతికి పట్టీ.
హ్యాండిలు సూసిండు, బాగుంది అన్నడు.
ఎనకకు వంగిండు.
వంగినోడు వంగినట్టే ఉన్నడు,
వేలుతోని టైరు అంచు తడిమిండు, అటు, ఇటు.

"మీసాలేవీ?"

"ట్రయలేసిన" అన్న.
"పదకొండు వందలు. సిల్లర లేదు, సరిగ్గ ఇయ్యి."