మూటలు మారే చోటు

గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
నా అద్దెపుస్తకాల అంగడి ముందర
వారం దినాలుగా పంచాయితీ.
ఆ నవలను సినిమా తీసినారు.
మా ఊరి నవల.
పాయింట్స్‌మన్ పెండ్లాం తిమ్మక్క
చేతిలో ఇంటి తాళంచెవితో
ప్లాట్‌ఫారం కొసన నిలబడే నవల.

దేవసహాయం, రిటైరైన గార్డు,
టికెట్టు దుడ్ల గురించి కాదు ఆయన బాధ:
"పుస్తకంలో ఆ యమ్మ ముఖం ఎట్లుంటాదో
ఒక్క ముక్క రాయలే.
ముప్పై ఏండ్లు నేనొక ముఖం పెట్టుకోనుంటి.
రెండున్నర గంటల్లో గుంజుకోనిరి."
ఎవరి ముఖమని ఎవరూ అడగలేదు.
ఆయన టీ గ్లాసులోకి చూసుకుంటా ఉండిపోయినాడు.

హసీనా టీచరు ఒప్పుకోలేదు.
"నాలుగొందల పేజీల్లో తిమ్మక్క
పదకొండుసార్లే నోరు తెరిచింది, లెక్కపెట్టినా.
మొగుడు, అత్త, స్టేషన్ మాస్టరు, ఆఖరికి రాసినాయన,
అందరూ ఆమె గురించి మాట్లాడేవాళ్ళే.
సినిమాలో కనీసం అరిచింది."
"అరుపు ఎక్కువైంది" అన్నాడు బజ్జీల వన్నూరప్ప.
పుస్తకం చదవలేదు, సినిమా చూడలేదు,
బజ్జీలు చుట్టే పేపర్లో సమీక్ష చదివినాడు.

"'యాడికి పోతాండావు' అనాల్సిన మనిషి
'ఎక్కడికెళ్తున్నారండీ' అనె!"
"ఆ స్టేషన్ మనదేనా?
వెనకాల కొబ్బరిచెట్లు ఊగుతాండాయి!"
ఈ రెండు మాటల దగ్గర మాత్రం
రెండు పక్షాలూ కలిసి నవ్వినాయి.

కదిరప్ప మెట్టు మీద కూచోని
ఆరిన బీడీ మళ్ళీ ముట్టించుకున్నాడు.
చిన్నపట్టాలూ పెద్దపట్టాలూ పక్కపక్కనున్న కాలంలో
ఈ బండి మూటలు ఆ బండికి మార్చిన హమాలీ.
చదువు రాదు.
అంగడి మూసినాక దినానికింత
ఆ నవల నేనే చదివి వినిపించినా.
"ఈ పట్టాల పెట్టె ఆ పట్టాల మింద నడవదప్పా.
మూట దించాల, ఎత్తాల.
ఏ మూటా నిండుగా దాటలే.
కొక్కెం గుచ్చిన కాడల్లా శెనక్కాయలు కారేవి."
పొగ వదిలి,
"ఆ రాలినవి ఏరుకోని తినే
మా పిల్లోల్లు పెరిగిరి."

ఏ పక్షమో తేలలేదు.
బజ్జీలు అయిపోయినాయి.

అసలు తగువు ముగింపు కాడ.
సినిమాలో బండెక్కింది తిమ్మక్క,
వాన కురిసింది,
తాళంచెవి పట్టాల మధ్య పడి మెరిసింది.
"ఎక్కదు! తాళంచెవి నడుముకు దోపుకోని
తిరిగి నడుస్తాది!" టీచరు.
"ఎక్కుతాది. కిటికీ పక్కన కూచుంటాది.
వానే అబద్ధం" గార్డు.
"బండే రాలేదు గదా?" కదిరప్ప.
అందరూ నా దిక్కు తిరిగినారు.
"పుస్తకం నీ దగ్గరే ఉండాది, తీసి చూపీ."

లోపలికి పోయినా.
మైదా జిగురుతో మూడుసార్లు
నా చేత్తో నేనే బైండు చేసిన ప్రతి.
చివరి కాగితం లేదు.
ఆదోనిలో పాత పేపర్ల బండి కాడ
తూకానికి కొన్నప్పుడే లేదు.
"కూత వినపడగానే తిమ్మక్క"
అంతే. తర్వాత అట్ట.

తిరిగిచ్చే ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు, చివరికి ఏమాయెనని.
ముఖం చూసి చెప్పేవాణ్ణి.
హుబ్లీకి బదిలీ చేస్తే పోనని
టీచరు మొండికేసిన ఏడు, ఎక్కలేదన్నా.
భార్యను పూడ్చి వచ్చిన నెలలో
గార్డుకు, ఎక్కిందన్నా,
కిటికీ పక్కన సీటు దొరికిందన్నా.
చిన్నపట్టాలు పీకేసిన వారం
కదిరప్పకు ఆఖరి పేజీ చదువుతున్నట్టు
ఖాళీ అట్ట మీద వేలు జరుపుతా
బండే రాలేదన్నా.

బయట ముగ్గురూ
నా మాటల మీద ప్రమాణాలు చేస్తాండారు.
"దొరకలే" అని బయటికొచ్చినా,
చేతులకు దుమ్ము పూసుకోని.

మరుసటి దినం పాలిటెక్నిక్ పిల్లోడొకడు
అదే పుస్తకం కావాలన్నాడు.
వయసు మీద పడిందో ఏమో, నిజం చెప్పినా:
చివరి కాగితం లేదు నాయనా.
"పర్వాలేదు తాతా,
సినిమా చూసినా కదా."

ఏం చెప్పాలో తోచక
సగం అద్దె తీసుకున్నా.