తలుపు

రాత్రి తిండయ్యాక చాప పరిచాం.
చేమదుంపల జిగురు ఇంకా వేళ్లకే ఉంది.
ఇవాళ వంతు నోవహుది.

ఏనుగులూ జిరాఫీలూ ఎక్కేశాక
కలోలైనే అడిగింది:
"అమ్మా, వాన మొదలయ్యాక
పక్కింటివాళ్లొచ్చి తలుపు కొట్టలేదా?"

చిన్నోడు నేల మీద టకటకా కొట్టాడు, ఇలాగా అని.
నేను పావురం దగ్గరికి పేజీ తిప్పబోయాను.
టోంగా భాషలో నా పేరే అది,
పిల్లలు ఎగిరి గంతేసే చోటు.

ఫోలౌ నా చెయ్యి పట్టి ఆపాడు.
ఫెర్రీలో తాళ్లు లాగే మనిషి,
రోజూ ఈ వేళకి కునుకుతుంటాడు.

"కొట్టే ఉంటారు.
తుఫాను నాడు వావాఉ రేవులో
తలుపు గొలుసు లాగింది నేనే.
బరువెక్కువైందని కెప్టెన్ కేకేశాడు.
గట్టు మీద ఒకావిడ, చంకలో కోడి.
వారం తర్వాత సంతలో కనబడింది.
కోడి లేదు."

చిన్నోడొక్కడే నవ్వాడు.

"నోవహు తలుపు ఎవరు మూశారు?"
"దేవుడే, అని రాసుంది."
కలోలైనే చాలాసేపు దీపం వంక చూసింది.
"అయితే ఆయనకీ వినబడే ఉంటుంది నాన్నా,
నీకులాగే."

పావురం దాకా వెళ్లనే లేదు.
ప్రార్థన ఎవరు చెయ్యాలో తేలక
నలుగురం అలాగే కూచున్నాం.
రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.
చిన్నోడు లేచి వెళ్లి
తలుపు తీసి వచ్చాడు.