పది లెక్కపెట్టేదాకా

రాజాం రోడ్డు దిగి, కాలవ గట్టు మీంచి
మూడు మడులు దాటితే మా పని.
ఉభాల రోజులు. తోటపల్లి నీరు
మా వైపు రెండు రోజులే, తర్వాత దిగువకి మళ్ళిస్తారు.
రోటవేటరు నడిమడిలో దిగబడి
లేవనంది.

కొంచెం లేచి, వణికి, మళ్ళీ కూలబడుతుంది
జొరం తగిలిన గొడ్డులాగ.
సీటు కింది ఇనుము మీద చెయ్యేసి
రెండు లెక్కపెట్టేలోపు లాక్కున్నాను.

గట్టు మీద పదకొండుమంది ఆడవాళ్ళు,
ఆకు కట్టలు దించి, చీరలు ఎగదోపుకుని
నన్ను కాదు, పొద్దుని చూస్తున్నారు.
ఉడుపు కూలి ఎకరం లెక్క.
నిలబడ్డ గంటకి ఎవడిస్తాడు?

షోరూము కుర్రాడు ఫోన్లోనే తేల్చేశాడు:
"పంపు పోయుంటుందన్నా, మార్చీడమే."
ధర చెప్పాడు.
కాసేపు నా చేతులకేసి చూసుకున్నాను.

సంతకవిటి నుంచి తవిటయ్య వచ్చాడు మోపెడ్ మీద,
స్పానర్ల సంచి, ఒక తెల్లగుడ్డ.
ముందు పుట్టినవాళ్ళు దక్కక
తవుడిచ్చి కొనుక్కున్న పిల్లడు;
అరవై దాటాయి, ఇంకా దక్కుతూనే ఉన్నాడు.

"పంపు ఆకరి మాట బాబూ. ముందు కొలపుల్ల తియ్."

నూనె గీత దగ్గరే ఉంది.
రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కుకి ఆనించాడు.
"పాలరంగు నేదు, నీరు చేరనేదు.
మాడు వాసనుంది, బెల్లం పెనం అడుగులాగ."
జల్లెడ విప్పి తెల్లగుడ్డ మీద దులిపాడు,
లోహం పొడి మెరుస్తుందేమోనని ఎండకేసి తిప్పాడు.
ఉత్త మడ్డి.
కూలరు రేకుల్లో నిరుటి ఊక, ఎండిన బురద.
చీపురుపుల్లతో గీరుతూ
"ఇది కొంత. ఇదే అంతా కాదు" అన్నాడు.

అప్పుడడిగాడు:
"ఎప్పుట్నుంచి?"
"నిన్న సాయంత్రం" అన్నాను.

"నిన్నేటి!" గట్టు మీంచి పారమ్మ.
"గున్నమ్మ చెక్క దున్నిన కాడి నుంచీ ఏడస్తంది.
ఆదివారం కాదేటి? సన్నంగా,
పాలకి మారాం చేసే గుంటలాగ.
నాను ఇన్నాను. అందరం ఇన్నాం."

నాకు వినబడలేదు.
నాకు పాటలుంటాయి, బాక్సు నిండా.

తవిటయ్య లివరు వైపు చూశాడు.
సైకిలు ట్యూబు ముక్క.
లివరుని పైకి, ఆఖరి గీత దాటించి
బిగించిన నా ముడి.

లిఫ్టు జారుతోందని కట్టాను,
గట్లు దాటేటప్పుడు బ్లేడ్లు తగుల్తున్నాయని.
లోపలెక్కడో రబ్బరు రింగు అరిగిందని తెలుసు.
చిన్నంనాయుడికి చెబితే జీతంలో కోస్తాడని
చెప్పలేదు.
ఒక జబ్బుకి ఇంకో జబ్బుతో కట్టు కట్టాను.

"ఎత్తడం తప్పు కాదు" అన్నాడు తవిటయ్య, కత్తి తీస్తూ.
"ఎత్తినాక వదల్లేదు నువ్వు.
పంపు తోస్తానే ఉంటది, నూనెకి ఎల్లే దారి నేదు.
రిలీఫు వాల్వు సందులో దూరి దూరి
ఉడికిపోనాది."
తిట్టలేదు. తిడితే బాగుండును.

ట్యూబు తెగి బురదలో పడింది.
"రింగు రాత్రికి, కల్లంలో మూత విప్పి ఏద్దాం.
నాయుడికి నువ్వే చెప్పు.
ఈ పూటకి జారితే జారనీ.
మళ్ళీ ఎత్తుకో."

చల్లారేదాకా తాటి నీడన కూర్చున్నాం.
పారమ్మ తవిటయ్యకి చోడంబలి పోసింది.
చాలాసేపటికి, గిన్నె కడక్కుండానే,
నాకూ పోసింది.

"ఇప్పుడు చెయ్యి ఆనించు. పది లెక్కెట్టు."
ఒకటి, రెండు,
ఆరు దగ్గర అరచెయ్యి కాలింది గాని
ఉంచగలిగాను.
ఏడు.
ఎనిమిది.
"లెక్కలు సాలు, నీరెల్లిపోతంది!" గట్టు మీంచి అరుపు.
పది దాకా లెక్కపెట్టే లేచాను.

లివరు గీత దగ్గరే వదిలాను.
రోటవేటరు లేచింది, కొంచెం జారింది, మళ్ళీ ఎత్తాను.
ఆ పూట పాటలు పెట్టలేదు.