బతాకా

ఫర్వానియా ఆస్పత్రి కిటికీలోంచి నా పేరు పిలిచారు.
అరబ్బీలో ప లేదు, చ లేదు.
పెంచలమ్మ పోయి బెంజలమా వచ్చింది.
నేనే, అని లేచాను.
ఏడేళ్లుగా ఆ పేరుకే లేస్తున్నాను.

డాక్టర్ హనాన్ కాగితం పక్కన పెట్టి
నల్లపూసలు ఆనే చోటికి కాస్త పైన
రెండు వేళ్లు ఉంచి, మింగమంది.
మింగాను.
అక్కడొక గ్రంథి ఉందట, సీతాకోక మాదిరి.
నా రక్తమే దాన్ని కొరుకుతోందట.
ఒక ఇంట్లో దూరినోళ్లు పక్కింటిని వదలరట.
లిజీ సిస్టర్ హిందీలో చెప్పింది,
నేను తెలుగులో వణికాను.

నాకు అర్థమైంది ఇట్లా:
జిలీబ్ సందుల్లో రాత్రిపూట చెకింగ్ పడతాదే,
జీపు అడ్డంపెట్టి, టార్చి మొహాన కొట్టి
బతాకా, బతాకా అని,
అట్లాంటోళ్లు నా లోపల తిరుగుతున్నారు.
పద్దెనిమిదో ఏట క్లోమం వీధి ఖాళీ చేయించారు.
అప్పట్నుంచి నా ఇన్సులిన్
ఫ్రిజ్ తలుపులో, లబ్నా డబ్బా పక్కన.
ఇప్పుడు గొంతు దగ్గర ఆగారు.
పుట్టిన్నాటి నుంచీ అక్కడే కాపురమున్నదాన్ని
ఎవరు నువ్వు అంటున్నారు.

నవ్వొచ్చింది, నిజంగా.
కడుపులో పదమూడు వారాల ప్రాణి,
సగం నేను, సగం ఓబులేసు,
ఒక కాగితం లేదు, ముద్ర లేదు,
దాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.
పైగా గది చూపించి, అన్నం పెడుతున్నారు.
సొంతదాన్ని తరిమి
సగం పరాయికి చోటిచ్చిన ఒళ్లు.
దీన్ని తిట్టాలో, దండం పెట్టాలో.

ఫజర్ బాంగుకు లేచి
నూకగింజంత మాత్ర, పరగడుపున.
అరగంట దాకా టీ లేదు.
ఐరన్ మాత్ర నాలుగ్గంటలు ఆగాలి,
రెండూ ఎదురుపడకూడదు, తోడికోడళ్ల మాదిరి.
వేలు పొడిస్తే తొంభై ఒకటి.
తొడకో సూది. ఆపైన పొద్దుగూకేదాకా
షాపులో అబాయాలకు సూది.
ఉమ్ ఫహద్ ఖర్జూరాల పళ్లెం జరుపుతుంది.
ఒకటి తీసి సంచిలో వేసుకుంటాను,
చక్కెర పడిపోయే వేళకు.

ఓబులేసు నైటు డ్యూటీకి పోయాక
ఏసీ చప్పుడులో పడుకుని
రెండు వేళ్లు గొంతుకు ఆనించి
లోపలికి చెప్తాను:
పెంచలమ్మ. ఇది పెంచలమ్మ ఇల్లే.
వాళ్లకు ఏ భాష వచ్చో తెలీదు.
ప మాత్రం గట్టిగా పలుకుతాను.