కచ్చా కుట్టు

బర్బాంక్‌లో మా కుట్టుగది కిటికీలోంచి
ఒక పార్కింగ్ లాటూ, మాసిన కొండా కనిపిస్తాయి.
పద్నాలుగేళ్ళుగా ఇక్కడే
తుఫాను కాపరికి అంగీలు కుడుతున్నాను.
ఐదు సినిమాలు. నలభై మూడు అంగీలు.
ఆరు కాలడానికి, రెండు తడవడానికి,
ఒకటి చావడానికి.

ఆ చావు అంగీని నేనే చింపాను
బ్లేడుతో, ఎడమ పక్కటెముక దగ్గర,
డైరెక్టర్ చూపించినంత మేర.
హాల్లో జనం ఏడ్చారట.
నేను మాత్రం చిరుగు అంచు
మరీ నీటుగా వచ్చిందే అని బాధపడ్డాను.

ఇప్పుడాయన లేడు.
యాభై దాటి, మోకాలికి ఆపరేషనై,
ఒరెగాన్‌లో ఎక్కడో ద్రాక్షతోట కొనుక్కున్నాడు.
ఆయన కొలతల బొమ్మ మాత్రం మూల నిలబడి ఉంది
తల లేకుండా,
భుజాల నిండా దూదితో.

పై అంతస్తులో ఒకటే మీటింగులు.
కాఫీలతో పాటు వార్తలూ మోస్తాడు డెస్మండ్:
పాత సంగీతం ఉంచుతారట,
అంగీ రంగు మార్చరట,
మొదట్లోనే ఆయన గొంతు వినిపిస్తారట,
ఏడో నిమిషంలో ఫొటో.
సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాను:
"మా ఆర్మేనియన్లం కూడా
చావు భోజనంలో ఇలాగే ఫొటో పెడతాం.
తిని, ఇంటికెళ్ళిపోతారు."

కొత్త పిల్ల వచ్చింది. నెర్యా ఒసోరియో.
ఫ్రెస్నో అమ్మాయి, చేతిలో సగం తిన్న బురిటో.
ఆయన అంగీనే కుదించమన్నారు.
భుజం దగ్గర నాలుగంగుళాలు, చంకలో రెండు,
నడుము దగ్గర లెక్కే లేదు.
గుండుసూదులు గుచ్చేకొద్దీ
నాన్న కోటేసుకుని అద్దం ముందు నించున్న
చంటిదానిలా అయిపోయింది.
"చేతులెత్తు" అన్నాను.
ఎత్తలేకపోయింది.
"ఎగరాలి కదా" అంది, నవ్వకుండా.

ఆ రాత్రి ఎవర్నీ అడక్కుండా గుడ్డ పరిచాను.
అదే నీలం. అదే తాను.
కత్తెర మాత్రం ఆమె ఒంటి వెంట నడిచింది.
మా సూపర్‌వైజర్ చూసి, చూడనట్టు ఊరుకుంది.

పదకొండు నెలలకి పసడీనా మాల్‌లో
విడుదలకు ముందు ఒక ఆట వేశారు.
చివరి వరసలో కూర్చున్నాను.
ఏడో నిమిషం, ఫొటో. పెద్దవాళ్ళు ముక్కు చీదారు.
నా ముందు సీట్లో పిల్లాడు
"ఆయనెప్పుడొస్తాడు" అని వాళ్ళమ్మని పీక్కుతిన్నాడు
అరగంట సేపు.
తర్వాత తెర మీద ఆ పిల్ల
ఎగరబోయి నీళ్ళ ట్యాంకు మీద పడింది.
లేచింది. మోచేయి చూసుకుంది.
ఓ చిన్న బూతు మాట.
పాప్‌కార్న్ నోటిదాకా వెళ్ళి ఆగింది.
పిల్లాడు మళ్ళీ అడగలేదు.

కాగితాల మీద ఏ అంకె వచ్చిందో నాకు తెలీదు.
డెస్మండ్ కూడా చెప్పలేదు.

పొద్దున్నే వచ్చి బొమ్మ భుజాల్లోంచి దూది తీశాను
ముద్దలు ముద్దలుగా, పసుపెక్కి,
పాత అట్టపెట్టె వాసనతో.
పారేయలేదు.
సంచిలో కట్టి, ఆయన పేరు రాసి, అటకెక్కించాను.
ఎనిమిదో భాగం కూడా ఉందంటున్నారు మరి.
ఈ వ్యాపారంలో చావుకెప్పుడూ
కచ్చా కుట్టే వేస్తాం.