తాళాల గుత్తి

మూర్ఛ దిగి కళ్ళు తెరిస్తే
ప్రతిసారీ నా పిడికిట్లో ఎవరిదో తాళాల గుత్తి.
ఒకసారి మేస్త్రీ బండిది,
ఒకసారి స్టోర్‌రూముది, పసుపుదారం కట్టింది.
బడిలో అయితే పీటీ సారు విజిలు పెట్టినారంట,
ఇనుమైతే చాలని.
ఇన్నేండ్లలో ఇన్ని తాళాలు పట్టుకున్నా
ఒక్క తలుపూ తెరిచిన గుర్తు లేదు.

పన్నెండో ఏట మొదలైంది మాత్ర.
గులాబీ రంగు, పెద్దది, పొద్దునొకటి, రాత్రొకటి.
పదకొండేండ్లు నన్ను నిలబెట్టింది,
దాని మీద నాకు కోపం లేదు.
చిన్నమ్మ బియ్యం డబ్బాలో దాచి పెండ్లి చేసింది.
మూడోనాడు నేనే తీసి ధనంజయులు చేతిలో పెట్టినా,
"వీడు నా రెండో మొగుడు" అని.
"నాకంటే ముందొచ్చినాడు కదమే,
వాడే మొదటోడు" అన్నాడు.

చిత్తూరు పక్కన గుజ్జు ఫ్యాక్టరీ మాది.
తోతాపురి సీజన్లో బెల్టు ఆగదు.
దెబ్బ కాయను ఏరి పక్కన పడేసేది నా పని.
కన్ను మోసపోతాది, బొటనవేలు మోసపోదు.
అట్లాంటి వేలిని
పొత్తికడుపు మీద పెట్టి కూర్చున్నా ఆ రాత్రంతా.
ఏమీ తెలియలేదు.

మందుల షాపులో పిల్లోడు చెప్పినాడు,
చీటీ చూసి, నా ముఖం చూసి:
"అక్కా, వాల్ప్రొయేట్ ఇది.
కడుపుతో ఉన్నోళ్ళకి మంచిది కాదే.
ఎవురూ చెప్పలేదా?"
నెలనెలా చీటీ రాసినారు.
ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చిందని అడిగినారు.
బిడ్డ కావాలా అని
ఒక్కరూ అడగలేదు.

మాత్రలన్నీ కాగితంలో చుట్టి
టెంకల గుట్టలో పూడ్చేసినా.
ఒకటో రోజు తల్లినైనట్టుండింది.
రెండో రోజు కూడా.
నాలుగో రోజు
బెల్టు అంచు నుదుటికి తగిలిన చప్పుడు
నేను వినలేదు, రుక్కమ్మ విన్నది.
లేచేసరికి పిడికిట్లో తాళాలు,
పావడ తడి.
రక్తమా నీళ్ళా అని చూసుకునే ధైర్యం రావడానికి
ఎంతసేపు పట్టిందో.
నీళ్ళే.

పాకాల మీదుగా తిరుపతి బస్సు.
పెద్దాసుపత్రి, నరాల ఓపీ, నూటా పద్నాలుగో టోకెను.
"మాత్ర మానమని ఎవరు చెప్పినారు?"
"భయం చెప్పింది మేడం."
డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.
"మాత్రదొక భయం, మూర్ఛదొక భయం.
ఒక్క తట్టే చూసి తక్కెడ పారేస్తే ఎట్లా?
ముందే వచ్చుంటే ముందే మార్చేదాన్ని" అని,
కాసేపు ఊరికే ఉండి,
గొంతు తగ్గించి,
"ముందే చెప్పాల్సింది మేమే" అనింది.
ఆ మాటకు ఏడ్చినా నేను,
నుదుటి కుట్లకు కూడా ఏడవనిదాన్ని.

పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ
వారాల లెక్క గోడ మీద రాసినాము.
ఫోలిక్ మాత్ర పసుపు రంగు, కందిగింజంత.
నెలనెలా రక్తం తీస్తారు.
కడుపు పెరిగే కొద్దీ
రక్తంలో మందు పలచబడతాదంట,
మోతాదు పెంచుతారు.

ఇరవయ్యో వారం స్కాను.
వెన్నుపూస కొత్త జిప్పు మాదిరి
పైనుంచి కిందిదాకా మూసుకుని ఉంది.
గుండెలో నాలుగు గదులు చూపించినారు.
మాట ఎప్పుడొస్తాదో, చదువు ఎట్లుంటాదో
ఆ తెర మీద కనపడదంట.
"పెరిగినాక చూసుకుందాం" అనింది డాక్టరమ్మ.
సరే అన్నా.
బెల్టు కాదు కదా నా కడుపు, ఏరి పడేసేదానికి.

అట్టపెట్టె చింపి రాసి
బెల్టు పక్కన తగిలించినా:
తాళాలు వద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు.
పక్కకి తిప్పండి. గడియారం చూడండి.
అయిదు నిమిషాలు దాటితే 108.
కింద రుక్కమ్మ బొగ్గుతో కలిపింది:
లోపల పాప ఉంది, జాగర్త.
పాపేనని దానికెట్ల తెలుసో.

రాత్రి తొమ్మిది.
ధనంజయులు నీళ్ళ చెంబుతో వచ్చి
"కొత్తోడొచ్చినాడు" అంటాడు.
మింగుతా.
లోపల ఎవరో తన్నినారు,
మాత్రకో,
వాళ్ళ నాయన మాటకో.