మధ్య ముక్క

ఆస్టోరియాలో గురువారం రాత్రి, చేపల ఫ్యాక్టరీ వెనకగది.
రేకుల మీద వాన, ఎవరో గుప్పెళ్లతో శనగలు పోస్తున్నట్టు.
నా చేతిలో కళావరు ఎనిమిది, కళావరు తొమ్మిది.
బల్ల మీద ఆఠీను రాణి, డైమను ఆరు, ఇస్పేటు అయిదు,
ఎందుకూ కొరగాని ఒక రెండు.

ఏడు కావాలి.
అయిదూ ఆరూ అటు, ఎనిమిదీ తొమ్మిదీ ఇటు,
నడుమ వలలో తెగిన కన్నంత ఖాళీ.
ముప్పై ఏళ్లుగా వలలు బాగుచేసేదాన్ని,
తెగిన కన్ను కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

ఎదుట రూబెన్ స్టాల్ ఇరవై డాలర్లు ముందుకి తోశాడు.
తోసి, కాఫీ ఊదుకుంటున్నాడు.
కుప్పలో ఇప్పుడు నూట పది.

ఈ లెక్క నాకు టౌనో నిస్కలా నేర్పాడు.
కొలంబియా నది మొగలో ఓడల్ని దాటించిన పైలట్.
అల లేచిన పూట వెళ్లాలా ఆగాలా అని నలభై ఏళ్లు తేల్చినవాడు,
పేకాట దగ్గర మాత్రం
తక్కెడ ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టే అంగడివాడిలా కూర్చునేవాడు.
"కనపడని ముక్కలు నలభై ఆరు, లెంపీ.
అందులో నీవి నాలుగు. నీవి కానివి నలభై రెండు.
నువ్వు పెట్టే ప్రతి డాలరుకీ పదిన్నర వచ్చే దారుండాలి.
లేకపోతే నువ్వు ఆడుతున్నట్టు కాదు,
దానం చేస్తున్నట్టు."

ఇరవైకి పదిన్నర రెట్లు, రెండు వందల పది.
ఉన్నది నూట పది.
తక్కువపడ్డ వంద, ఏడు పడ్డాక, రూబెన్ దగ్గర్నించి రావాలి.
"అక్కణ్ణించి పేకని చూడకు, మనిషిని చూడు."
చూశాను.
అతని ముందు మూడు పొట్టి దొంతులు. అరవై.
అరవై ఉన్నవాడు వంద ఎక్కణ్ణించి తెస్తాడు?
పైగా పిరికివాడు. బల్ల మీద మూడంకెలు వరసగా నిలబడితే చాలు
వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు.

అదే ఆ కుర్చీలో ఓర్విల్ పెల్టో ఉంటేనా,
రెండు రాణులు కుదిరితే ఇల్లు కాలుతున్నా లేవడు,
ముందు నాలుగు వందలు పేర్చుకుని కూర్చుంటాడు,
అతని మీదికైతే ఈ ఏడు కోసం వెళ్లేదాన్నే.
ఖాళీ అదే. ముక్కలు అవే నాలుగు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

తొంభై రెండు చలికాలం. అద్దె డబ్బులతో
ఇలాంటి ఖాళీలోకే కళ్లు మూసుకుని దిగాను.
పడింది. డైమను జాకీ.
రెండు చేతులా కుప్ప లాక్కుంటుంటే గదంతా కేకలు.
టౌనో ఒక్కడే మాట్లాడలేదు. కోటు వేసుకుంటూ
"పాపం" అన్నాడు, ఓడినవాణ్ణి చూసి కాదు.
ఆ తర్వాత రెండేళ్లు ఆ జాకీగాడు చెయ్యి పట్టుకుని
కనిపించిన ప్రతి గండిలోకీ నన్ను నడిపించాడు.
పికప్ బండి పోయింది. అమ్మ కుట్టుమిషను పోయింది.
ఓడిన రాత్రుళ్లేవీ నన్నంత ముంచలేదు.

ముక్కలు బోర్లించి తోసేశాను.
రూబెన్ కుప్ప దగ్గరికి లాక్కున్నాడు. కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది.
ముక్కలు పంచే వెర్నా, పేక మీద వేలుంచి అడిగింది:
"తర్వాతిది చూస్తావా?"
టౌనో ఉన్న రోజుల్లో చూడనిచ్చేవాడు కాదు.
దాటని రోజున మొగ ఎలా ఉందో
వాకబు చెయ్యకూడదనేవాడు.

వద్దన్నాను.
ఆమె అంచు కాస్త లేపి తను మాత్రం చూసుకుంది.
పాతికేళ్లుగా పేక పంచిన మొహం.
ఏమీ చెప్పకుండానే కలిపేసింది.

పదకొండింటికి లేచి వానలో ఇంటికి నడిచాను.
లెక్క సరిగ్గానే చేశాను. ఇరవై డాలర్లు జేబులో ఉన్నాయి.
వంతెన దాకా ఒకటే ఆలోచన:
అంచు లేపినప్పుడు
వెర్నా ఎడమ కనుబొమ్మ
కదిలిందా?